కానుగకూ తంగేడుకూ చుట్టరికం

1938 అక్టోబరు 6, బేస్తవారం. ధర్మవరం.

నోటితో చెప్తే నారాయణస్వామి నవ్వుతాడు. "అమ్మా, ఈ పొద్దు దిగులు పడేదానికి ఏమీ దొరకలేదని కూడా నువ్వు దిగులు పడతావు" అంటాడు. కన్న కొడుకు అనే మాటేనా అది. అందుకే పుష్పావతి పాత నోటుబుక్కులో వెనక పక్కనుంచి రాస్తాండా. నాకు అక్షరాలు నేర్పింది మనవరాలే. ఒత్తులు ఇంకా కుదరవు. ఎవురు చూడొచ్చినారు.

హిందూపురం నుంచి చౌడప్ప జాబు రాసినాడు. కార్తీకంలో తాంబూలాలు మార్చుకుందామంట. "అత్తకు నమస్కారం" అని మొదలుపెట్టినాడు. ఇంకా తాంబూలాలే కాలేదు, నేను అప్పుడే అత్తనైపోయినా. మంచిదే. ఆయన కొడుకు లక్ష్మన్న నెమ్మదస్తుడు, మగ్గం మీద చెయ్యి శుభ్రం. పుష్పావతికి పద్దెనిమిది నిండినాయి, ఇప్పటికే ఆలస్యం. హిందూపురం ఎంత దూరమని. రైలెక్కి పెనుకొండ దాటితే వచ్చేస్తాది. నాకేమీ బాధ లేదు.

ఇంకో సంగతి. స్టేషను మాస్టరు అడిగినాడని ముందర గది ఒక సారుకు ఇచ్చినాడు నారాయణస్వామి. పేరు వీరభద్రయ్య. మద్రాసు కాలేజీలో చెట్ల గురించి పాఠం చెప్తాడంట. చెట్ల గురించి తెలుసుకునేదానికి మద్రాసు దాకా పోవల్నా? గుట్టలన్నీ తిరిగి కొమ్మా రెమ్మా తెంపుకొనొచ్చి, కాగితాల నడుమ పెట్టి, పైన బరువు పెట్టి ఎండబెడతాడు. బరువుకని నా రోటి పొత్రం అడిగినాడు. పొత్రం ఇస్తే నేను దేనితో రుబ్బేది?

ఇచ్చినా. చదువుకున్నోడు కదా.

అక్టోబరు 7

పొత్రం ఇంకా ఇయ్యలేదు.

అక్టోబరు 9, ఆదివారం

ఆ సారు ఈ పొద్దు కానుగ కొమ్మ తెంపుకొని ఇంట్లోకి వచ్చినాడు. ఇంట్లోకి!

మాది కానుగ బెడగు. ఆ పుల్లతో పళ్ళు తోమం. ఆ నూనెతో దీపం పెట్టం. ఆ కట్టె పొయ్యిలో పెట్టం. మా వంశం ఆ చెట్టు నుంచే వచ్చిందని మా మామ చెప్తాండె. ఒక బెడగోళ్ళంతా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళ లెక్క, వాళ్ళలో వాళ్ళకు పెళ్ళి లేదు. చౌడప్ప వాళ్ళది తంగేడు బెడగు కాబట్టి సరిపోయింది. వాళ్ళు తంగేడు చెట్టును దాటను కూడా దాటరు, చుట్టూ తిరిగి పోతారు.

"ఏం సారూ, మా పెద్దాయన చెయ్యి విరిచి తెచ్చినావే" అన్నా.

ఆయన భయపడిపోయి చేతులు జోడించినాడు, నాకు కాదు, కొమ్మకు. మంచోడే. తరువాత కూర్చోబెట్టి ఎంతో చెప్పినాడు. వాళ్ళు కూడా చెట్లను బెడగులుగా విడదీస్తారంట. ప్రతి చెట్టుకూ రెండు పేర్లంట, ముందు ఇంటిపేరు, తరువాత సొంత పేరు.

"మా మాదిరే" అన్నా.

"అంతే అవ్వా. మీ కానుగ ఇంటిపేరు పొంగామియా. సొంత పేరు గ్లాబ్రా."

దొరల పేరు మాదిరుంది. అయినా ఇంటిపేరు ముందర పెట్టినారు కాబట్టి మర్యాదస్తులే.

అక్టోబరు 13, బేస్తవారం

ఈ పొద్దు సరిగా రాయలేను.

సారు గదిలో కసువు ఊడ్చను పోయినా. ఎండిన కాగితాలన్నీ కట్టలు కట్టి పెట్టినాడు. ఒక కట్ట విప్పి చూస్తాండాడు. పైన మా కానుగ. దాని కింద పసుపుపచ్చ పూలు, చూడంగానే తెలిసిపోయింది, తంగేడు. రెండూ ఒకే దారంతో కట్టిండాడు.

"సారూ, ఇవి రెండూ ఒక కట్టలో ఎందుకుండాయి?"

"ఒకే వంశం అవ్వా ఇవి."

"ఇంటిపేర్లు వేరే కదా?"

"ఇంటిపేర్లు వేరే. వంశం ఒకటే. ఇదిగో చూడండి, కాయ. ఒకటి మందం, ఒకటి పలచన, కానీ రెండింటికీ రెండు పక్కలా కుట్టు ఉంది. చిక్కుడుకాయ మాదిరిగా. ఆకు చూడండి, ఒక ఈనెకు బారుగా చిన్నాకులు. ఎప్పుడో ఒక మూలపు చెట్టు ఉండేది. దాని సంతతే ఇవి రెండూ."

"ఎప్పుడో అంటే?"

"కోట్ల ఏళ్ళ కింద."

ఆయన ఎంత సంతోషంగా చెప్పినాడంటే, చీపురు తీసుకొని కొట్టల్లనిపించింది.

కానుగ తంగేడు ఒకే వంశమైతే, మేమూ చౌడప్ప వాళ్ళూ ఒకే వంశం. పుష్పావతికి లక్ష్మన్న అన్న అయితాడు. అయ్యో తల్లీ.

అక్టోబరు 14

ఎవురికీ చెప్పను.

అక్టోబరు 15, శనివారం

మైమూనాకు మాత్రం చెప్పినా. పక్కింట్లో ఉండేది, నా కడుపులో మాట దాచుకునేది అదొక్కటే. గాజులు లెక్కపెట్టుకుంటా వినింది.

"అంతేనా అవ్వా?" అనింది. "మాలో చిన్నాయన కొడుకును కూడా చేసుకుంటారు. నేను చేసుకోలేదా?"

"ఏమీ కాలేదా నీకు?"

"ఏమైతాది. అందరి మొగుళ్ళు మాదిరే. పొద్దున్నుంచి తిడతా ఉంటా."

వాళ్ళకు వాళ్ళ పద్ధతి. మాకు మా పద్ధతి. ఎవురితోనూ అనొద్దని చేతిలో చెయ్యి వేయించుకున్నా.

అక్టోబరు 16

మైమూనా మొగుడు ఖాదర్‌వలి గాజుల మూట ఎత్తుకొని పెనుకొండ సంతకు పోయినాడు. మైమూనా వాడికి చెప్పి ఉండదు.

చెప్పి ఉంటాదా?

అక్టోబరు 21, శుక్రవారం

చెప్పింది.

చౌడప్ప జాబు వచ్చింది. ఈసారి "అత్త" లేదు. "అంజనమ్మ గారికి" అని ఉండాది. నా పేరు నేనే రెండుసార్లు చదువుకున్నా, ఎవురో అనుకొని.

పెనుకొండ సంతలో ఎవురిని చూసినా ఇదే మాటంట. మా ఇంట్లో దిగిన మద్రాసు సారే చెప్పినాడంట. "అదే నిజమైతే నారాయణస్వామి నాకు తమ్ముడయితాడు. పుష్పావతి నాకు బిడ్డయితాది. మిమ్మల్ని నేను చిన్నమ్మా అనల్నో పెద్దమ్మా అనల్నో తెలియక పేరు రాసినాను. ఈ సంగతి తేలే వరకు తాంబూలాలు ఆపుదాము. అగళి ఊరి కుళ్ళాయప్ప వాళ్ళు వాళ్ళ పిల్లను మాకు ఇస్తామని తిరుగుతాండారు. నెలాఖరు వరకు చూస్తాను."

నారాయణస్వామి ఈసారి నవ్వలేదు. "సంబంధం కుదిరేదానికి మూడేండ్లు పట్టింది కదమ్మా" అన్నాడు. అంతే.

జాబు మడిచి పెట్టినప్పుడు ఒక్క గడియ మనసు తేలికైంది. ఎందుకో. తరువాత మళ్ళీ బరువైంది. వయసు అయిపోయింది, మనసు కూడా చెప్పిన మాట వినదు.

అక్టోబరు 22, శనివారం

పండగ పూట. పుష్పావతి మగ్గం దిగలేదు. నేను పోయి చూస్తే చీర అంచులో హంసల వరస నేస్తాండాది. కొత్త హంసకు మెడ లేదు.

"ఏందే ఇది?"

"హంస."

"మెడ యాడ?"

"మీ సారును అడుగు అవ్వా. బాతు కూడా హంసకు చుట్టమే, ఏం పరవాలేదు అంటాడు."

కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. దానికి. నాకు కాదు.

లక్ష్మన్న దానికి నచ్చినాడని నాకు తెలుసు. పోయిన నెల వాళ్ళు చూడను వచ్చినప్పుడు, మంచినీళ్ళు అడిగింది లక్ష్మన్న. ఇది సిగ్గుపడి చెంబు చౌడప్ప చేతికిచ్చింది. చూపు యాడుంటే చెయ్యి ఆడికి పోయేది ఇంతకు ముందు చూసినా, చెయ్యి ఆడికి పోకుండా తప్పించుకునేది ఆ పొద్దే చూసినా.

అక్టోబరు 23, ఆదివారం

ధైర్యం చేసి సారును అడిగినా.

"ఒక వంశమనే అనుకుందాం సారూ. కానీ ఎట్ల వంశం? ఆ మూలపు చెట్టు పిల్లలు ఇద్దరూ అన్నదమ్ములా, అక్కాతమ్ముళ్ళా?"

ఆయనకు అర్థం కాలేదు. చదివింది చెట్ల చదువు, ఇంటి చదువు లేదు. విడమరిచి చెప్పినా. అన్నదమ్ముల బిడ్డలైతే వాళ్ళూ అన్నాచెల్లెళ్ళే, పెళ్ళి లేదు. అక్కాతమ్ముళ్ళ బిడ్డలైతే మేనరికం. పెళ్ళి ఉండేది మాత్రమే కాదు, అడిగి తీసుకునే హక్కు కూడా ఉండాది. కానుగ అక్క కూతురై, తంగేడు తమ్ముడి కొడుకైతే నాకింక ఏ బాధా లేదు.

సారు నవ్వినాడు. కండ్లద్దాలు జారి ఒళ్ళో పడినాయి. మళ్ళీ పెట్టుకొని, నవ్వు ఆపి, నిజంగానే ఆలోచించినాడు. ఆ మర్యాద ఒప్పుకోవల్ల.

"అవ్వా, ఆ మూలపు చెట్టులో ఒకే పువ్వులో ఆడా మగా రెండూ ఉండి ఉంటాయి. అక్క ఎవరు, తమ్ముడు ఎవరు అని చెప్పలేం."

"ఇంత చదివి అదొక్కటి తెలీకపోతే ఎట్ల సారూ?"

"ఇప్పటిదాకా ఎవరూ అడగలేదవ్వా."

తరువాత ఆయనే ఇంకో మాట జారినాడు. కొందరు పండితులు ఈ కట్టను మూడు వంశాలుగా విడగొడతారంట. అట్ల చూస్తే కానుగ ఒక పక్క, తంగేడు ఒక పక్క. వాళ్ళ కాలేజీలో మాత్రం ఒకటిగానే పెట్టుకుంటారంట.

లేచి నిలబడినా. "మరి విడగొట్టు నాయనా! దారం నీ చేతిలోనే ఉండాది కదా. రెండు కట్టలు కట్టు."

"రెండు కాదు, పది కట్టొచ్చు అవ్వా. కట్టేది మనం. పుట్టించింది మనం కాదు కదా. కట్టలు వేరు చేస్తే చుట్టరికం పోదు."

మొండోడు.

అక్టోబరు 25, మంగళవారం

సారు గుట్టకు పోయినప్పుడు గది సర్దినా. అంతే. వేరే ఏమీ చేయలేదు. ఒకటి రెండు కాగితాలు జారితే తీసి ఇంకో కట్టలో పెట్టినా.

తంగేడు ఇప్పుడు గన్నేరు కట్టలో ఉండాది. అదీ పచ్చ పువ్వే. చూసేదానికి బాగుండాది.

అక్టోబరు 26, బుధవారం

తప్పు చేసినా.

సారు పొద్దున కట్ట విప్పి అట్లే నేల మీద కూలబడినాడు. నేను తంగేడు ఒక్కటే తీసినా అనుకున్నా. దాని వెంబడి ఇంకో ఇరవై కాగితాలు అటూ ఇటూ అయినాయంట. పేర్లు రాసిన చీటీలు ఊడిపోయినాయంట. ఈ ఊరికి రాకముందు నుంచీ మూడు నెలల తిరుగుడు. అరవలేదు ఆయన. అరిచి ఉంటే బాగుండు.

"నేనే సారూ" అన్నా. అన్నీ చెప్పినా. పుష్పావతి సంగతి, నెలాఖరు సంగతి, కుళ్ళాయప్ప సంగతి.

ఆయన చేతిలో చీటీ కింద పెట్టినాడు. తరువాత, "నా మాట వల్ల ఒక పెళ్ళి ఆగిందని నాకు ఎవరూ చెప్పలేదే" అన్నాడు. మొగం పాలిపోయింది. "నేను వచ్చి వాళ్ళతో మాట్లాడతాను. కానీ అబద్ధం చెప్పను అవ్వా. ఒకటే వంశం అనే చెప్తాను."

"అట్లయితే నువ్వు వచ్చి ఏం లాభం నాయనా?"

"నాకూ తెలీదు."

పొద్దంతా ఇద్దరమూ కూర్చొని కాగితాలు సర్దినాం. ఆయన పోలిక చెప్తాడు, నేను వెదికి ఇస్తా. రెండు పక్కలా కుట్టుండే కాయ ఏది కనపడినా మా కట్టలోకే. ఆ కట్టలో కానుగా తంగేడే కాదు, ఇంకా ఏమేమో చేరినాయి. ఒక్కొక్కటీ చూసినా. ఏమేమో ఈడ రాయను.

అక్టోబరు 27

చౌడప్పకు జాబు రాయించినా. ఆదివారం పెనుకొండకు రమ్మని. మీకూ మాకూ నడిమధ్య ఊరు. స్టేషను పక్కన సత్రం. సారు వస్తాడు, ఏమడగల్లో అడుగుకో అని. సద్ది మేమే తెస్తామని కూడా రాయించినా. పొద్దున్నే రైలుకు వచ్చేటోళ్ళు, ఆకలితో ఉంటారు. దాంట్లో ఇంకేమీ లేదు.

అక్టోబరు 30, ఆదివారం

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కొని రాస్తాండా. మరిచిపోక ముందే రాయల్ల.

మేము పోయేటప్పటికే చౌడప్ప సత్రం అరుగు మీద కూర్చోనుండాడు. లక్ష్మన్న స్తంభానికి ఆనుకొని నిలబడుకున్నాడు. చిక్కిపోయిండాడు పిల్లోడు.

"ఏం బావా, బాగుండావా?" అన్నాడు నారాయణస్వామి.

"తేలేంత వరకు బావ అనాకు అబ్బా" అన్నాడు చౌడప్ప. నన్ను చూసి నోరు తెరిచినాడు, మూసినాడు, చేతులు మాత్రం జోడించినాడు. పిలిచేదానికి ఏ మాటా దొరకలేదు.

తరువాత సారును పట్టుకున్నాడు, కోర్టులో వకీలు మాదిరి.

"ఆ మూలపు చెట్టును ఎవురు చూసినారు?"

"ఎవరూ చూడలేదండి. మనుషులే లేని కాలం."

"చూడకుండా సాక్ష్యం చెప్తాండావా?"

"పోలికలు చెప్తున్నాయండి."

"పోలికలుంటే చుట్టాలేనా? మా వీధి చివర అంగడాయన ముక్కూ, మా లక్ష్మన్న ముక్కూ ఒకటే మాదిరుంటాయి!"

"ఆ మాట గట్టిగా అనాకప్పా, పదిమంది తిరిగే చోటు" అన్నాడు నారాయణస్వామి.

సారు నవ్వకుండా జవాబు చెప్పినాడు. "అందుకే ఒక్క ముక్కు చూసి చెప్పమండి. ముక్కులు ఊరికే కూడా కలుస్తాయి. పువ్వు, కాయ, గింజ, ఆకు అన్నీ కలిస్తేనే చెప్తాం."

"అన్నీ కలిసినాయా?"

"కలిశాయండి."

"విడిపోయి ఎన్ని తరాలైంది?"

"లెక్కకు అందవు."

"ఎన్ని తరాలైతే ఏంది. బెడగు బెడగే" అన్నాడు చౌడప్ప. నారాయణస్వామి తల వంచుకున్నాడు. అయిపోయిందనుకున్నా.

అప్పుడు లక్ష్మన్న నోరు విప్పినాడు. పొద్దున్నుంచి ఆ పిల్లోడు ఆడింది ఆ ఒక్క మాటే.

"సారూ, అగళి కుళ్ళాయప్ప మామ వాళ్ళది జమ్మి బెడగు. జమ్మి ఎవురు?"

సారు నాపక్క చూసినాడు. అబద్ధం చెప్పడు కదా. "జమ్మి కూడా అదే వంశం."

చౌడప్ప మొగం చూడల్ల.

"ఇంకా ఎవురెవురుండారు సారూ ఆ వంశంలో? అందరినీ చెప్పు, వింటాను!"

సారు వేళ్ళు మడుస్తా మొదలుపెట్టినాడు. ఆయన చెప్తా ఉంటే నేను విస్తళ్ళు పరిచినా. వాళ్ళ మాటల్లో నేనెందుకు అని. సంగటి ముద్దలు పెట్టినా. ఇంట్లో ఏముంటే అదే కట్టుకొచ్చింది. చెనక్కాయలు రుబ్బి చేసిన ఊరుబిండి పచ్చడి. చింతపండు వేసి చేసిన కందిబ్యాళ్ళ పులుసు. ఉడకేసిన ఉలవలు.

చౌడప్ప నాలుగు గంటలకు లేచి రైలెక్కినోడు. చెయ్యి కడుక్కొని కూర్చున్నాడు. ముద్ద తుంచి ఊరుబిండిలో అద్దినాడు.

"…తుమ్మ, చింత, కంది, ఉలవ, చెనక్కాయ…" అంటాండాడు సారు.

చౌడప్ప చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది.

"ఏంది?"

"చెనక్కాయ అండీ. దగ్గరి చుట్టమే. కానుగకైతే మరీ దగ్గర."

"ఈ పులుసు?"

"కంది. అందులో చింత."

"ఉలవలు?"

సారు తల ఊపినాడు. "ఆ విస్తరి కూడా మోదుగాకుదే కదండీ. మోదుగ…"

"చాలు సారూ!"

స్టేషనులో గూడ్సు బండి ఒకటి నింపాదిగా పోయింది, అన్ని పెట్టెలూ. చౌడప్ప చేతిలో ముద్ద చూసినాడు. కొడుకు మొగం చూసినాడు. నా మొగం చూసినాడు. నేను చెంబులో నీళ్ళు చూసుకుంటాండా.

"మా తాతలు తంగేడును మొక్కినారు" అన్నాడు, నిదానంగా. "తంగేడును దాటలేదు. కానీ పప్పు తిన్నారు. మూడు పూటలా తిన్నారు. వాళ్ళకు ఏది చుట్టమో ఏది కాదో తెలీదా? సారూ, మీ చెట్ల చుట్టరికం చెట్లకే ఉండనీ. మా తాతలు ఎవురిని బెడగు అంటే వాళ్ళే మా బెడగు."

ముద్ద మింగినాడు.

మేమంతా ఆయన గొంతే చూస్తాండాం. దిగింది.

"అత్తా," అన్నాడు, "ఊరుబిండి ఇంకొంచెం వెయ్యి."

నారాయణస్వామి పెద్దగా ఊపిరి వదిలినాడు. లక్ష్మన్న స్తంభం వదిలి వచ్చి కూర్చొని మూడు ముద్దలు తిన్నాడు. సారు మాత్రం ఇంకా వేలు మడిచే ఉండాడు. "నిజానికి ఇంకా వెనక్కి పోతే, ఈ సంగటిలో రాగులు కూడా…"

"తిను నాయనా, చల్లారిపోతాది" అని ఆయన విస్తట్లో ఇంకో ముద్ద వేసినా.

తాంబూలాలు కార్తీక పున్నమికి.

అక్టోబరు 31, సోమవారం

పుష్పావతికి నిన్ననే వాళ్ళ నాయన చెప్పినాడు. అది పొద్దున్నుంచి ఇంట్లో ఈ మూలకూ ఆ మూలకూ ఊరికే తిరుగుతాండాది.

హిందూపురం రైలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నారాయణస్వామిని అడిగి రాసుకున్నా. నేను పోవల్లని కాదు. తెలిసి ఉంటే మంచిది కదా అని.

మధ్యాన్నం అన్నానికి కూర్చున్నా. పుష్పావతి వడ్డించింది. అన్నం తట్టలో ఊరుబిండి చూసేటప్పటికి చెయ్యి ఆగింది. చౌడప్ప తాతలు చౌడప్ప తాతలే. నేను మాత్రం ఆ కట్ట నా చేతులతో సర్దినా, ఆ కాయకు రెండు పక్కలా కుట్టు నా కండ్లతో చూసినా. మరీ దగ్గరంట.

ఇన్నేండ్లూ తెలియక తిన్నా, ఈ పొద్దు తెలిసి తింటాండా, ఏమనుకోవద్దు తల్లీ, అని చెనక్కాయకు లోపల్నే చెప్పుకున్నా.

తిన్నా. ఉప్పు లేదు. తక్కువ కాదు, అసలుకే లేదు. రుబ్బింది పుష్పావతి. దాని మనసు ఈడ ఉంటే కదా.

బాగుందా అవ్వా అని అడిగింది. బాగుందన్నా. మళ్ళీ వేయించుకొని తిన్నా.